వార్త విన్న విశ్వాసి బాధ్యత

సకల ప్రశంసలూ అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, ప్రియ సహచరులపై శాంతీ శుభాలూ వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

నేటి ప్రసంగాంశం వార్త. పత్రిక రాసినా, టీవీ చూపినా, ప్రభుత్వాధికారి ప్రకటించినా, ‘దీని వెనుక ఇంకేదో ఉంది’ అనే మాట ఈ రోజుల్లో మన ఇళ్ళలోనూ, హోటళ్ళ దగ్గరా, నమాజు ముగిశాక మస్జిదు మెట్ల మీదా తరచుగా వినిపిస్తున్నది. ఈ అపనమ్మకం కారణం లేకుండా పుట్టినది కాదు. ఆ కారణాలను దాచిపెట్టి మాట్లాడటం మింబరుకు తగదు. అయితే అధికారుల మాట నమ్మని మనిషి, ఆ మాట ఉండవలసిన చోట దేనిని తెచ్చి పెట్టుకుంటున్నాడు? చెప్పినవాడి పేరు లేదు, ఊరు లేదు, చూసిన సాక్షి లేడు. అయినా ఫోనులోకి వచ్చిన సందేశాన్ని అతడు నమ్ముతున్నాడు, నమ్మి పది మందికి పంపుతున్నాడు. ఈ రెండో సంగతిని గురించి అల్లాహ్ గ్రంథం ఏమి ఆదేశిస్తున్నదో నేడు తెలుసుకుందాం.

అల్ హుజురాత్ సూరా 6వ వాక్యం మీలో చాలామందికి తెలుసు. నమ్మదగని వ్యక్తి ఒక వార్త తెస్తే దానిని విచారించి నిర్ధారించుకోవాలనీ, లేనిపక్షంలో తెలియనితనం వల్ల ఒక జనసముదాయానికి హాని చేసి, ఆ తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ అందులో విశ్వాసులకు హెచ్చరిక ఉన్నది. ఆ వాక్యం అవతరించిన సందర్భంగా ఖుర్ఆన్ వ్యాఖ్యాతలలో అధికులు ఒక సంఘటన పేర్కొన్నారు. బనూ ముస్తలిఖ్ తెగ ఇస్లాం స్వీకరించిన తర్వాత వారి నుండి జకాత్ వసూలు చేసి తెమ్మని మహాప్రవక్త (సఅసం) వలీద్ బిన్ ఉఖ్బాను పంపారు. ఆయన వస్తున్నాడని తెలిసి ఆ తెగవారు స్వాగతం పలకడానికి గుంపుగా ఊరి బయటికి వచ్చారు. ఇస్లాంకు పూర్వం ఆయనకూ ఆ తెగకూ మధ్య పాత పగ ఉండేది. గుంపును చూసి ఆయన భయపడ్డారు, వెనుదిరిగారు, మదీనా చేరి వారు జకాత్ ఇవ్వ నిరాకరించారనీ, తనను చంపబోయారనీ చెప్పారు. మదీనాలో ఆగ్రహం వ్యక్తమైంది. సైన్యాన్ని పంపే ఆలోచన సాగింది. కొన్ని ఉల్లేఖనాల ప్రకారం హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ని, తొందరపడకుండా ముందు విచారించమని చెప్పి పంపారు. ఆయన మనుషులు ఆ ఊరి సమీపానికి వెళ్ళేసరికి అజాన్ వినిపించింది, జనం నమాజులో నిలబడి ఉన్నారు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. ఆ తప్పుడు వార్త తెచ్చినది ఎవరు? సంతలో ఊసుపోక మాట్లాడే వ్యక్తి కాదు. రాజ్యం నియమించి పంపిన ప్రతినిధి. నేటి భాషలో చెప్పాలంటే అది అధికారిక నివేదిక. అధికారిక నివేదిక కూడా తప్పు కావచ్చునన్న సంగతి దివ్య ఖుర్ఆన్ పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే విశ్వాసులకు నేర్పింది. అయితే ఆ తప్పుకు మందుగా ఏమి చెప్పింది? ప్రతినిధుల మాట ఎన్నడూ వినవద్దని చెప్పలేదు. దానికి విరుద్ధంగా ఉన్న మరో మాటను నమ్మమని అంతకన్నా చెప్పలేదు. ‘తబయ్యున్’ అన్నది, అంటే తేటతెల్లం చేసుకోవడం. మరో ప్రామాణిక పఠనంలో ఇదే చోట ‘తసబ్బుత్’ అనే పదం ఉన్నది. అంటే నిలకడగా ఆగి నిర్ధారించుకోవడం. కళ్ళు తెరవడం ఒకటి, అడుగు ఆపడం మరొకటి. రెండు పఠనాలూ కలిపి చూస్తే ఆదేశం సంపూర్ణమవుతుంది.

ఇప్పుడు మన దేశ పరిస్థితికి వద్దాం. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు, పత్రికలపై సెన్సారు పెట్టారు. 1976–77 ఒక్క సంవత్సరంలోనే 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయని తర్వాత నియమితమైన షా కమిషన్ లెక్క తేల్చింది. వాటిలో ఎన్నో బలవంతంగా, జీతాలు ఆపుతామని, రేషను ఇవ్వమని బెదిరించి చేసినవి. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్ళ కూల్చివేతకు ఎదురు నిలిచిన జనం మీద కాల్పులు జరిగాయి. అదే ఏడాది నవంబరులో హర్యానాలోని మేవాత్ ప్రాంతానికి చెందిన ఉటావర్ గ్రామాన్ని పోలీసులు తెల్లవారకముందే చుట్టుముట్టి మగవారిని పట్టుకుపోయారు. ఈ వార్తలు ఆనాటి పత్రికలలో రాలేదు, రానివ్వలేదు. నోటి మాటగానే ఊరి నుండి ఊరికి చేరాయి. ఆ కాలంలో పత్రిక చెప్పనిదే నిజం, నోటి మాటే నమ్మదగినది. ఒక తరం నేర్చుకున్న పాఠం అది.

మన హైదరాబాదుదే మరొక గాయం. 2007 మే 18, శుక్రవారం. జుమా నమాజు వేళ మక్కా మస్జిదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు ప్రాణాలు కోల్పోయారు. వెంటనే నగరంలోని ముస్లిం యువకులను పదుల సంఖ్యలో పట్టుకెళ్ళారు. చిత్రహింసల ఆరోపణలు వచ్చాయి. పేర్లూ ఫోటోలూ పత్రికలకెక్కాయి. వారిపై పెట్టిన కేసులు కోర్టులో నిలవలేదు, కొన్నేళ్ళకు ప్రభుత్వమే వారికి పరిహారం ప్రకటించింది. దర్యాప్తు తర్వాత మరో దిక్కుకు మళ్ళింది. 2018 ఏప్రిల్‌లో ఆ నిందితులూ నిర్దోషులుగా విడుదలయ్యారు. ఆ బాంబు పెట్టినదెవరో మృతుల కుటుంబాలకు నేటికీ న్యాయస్థానం ద్వారా తెలియలేదు. ఇక 2020లో కరోనా వ్యాధిని తబ్లీగీ జమాత్ కావాలనే దేశంలో వ్యాపింపజేస్తున్నదని కొన్ని టీవీ చానెళ్ళు రోజుల తరబడి చెప్పాయి. వీధిలో కూరగాయలు అమ్ముకునే ముస్లిమును పేరు అడిగి వెళ్ళగొట్టిన రోజులవి. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ జమాత్ సభ్యులపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకున్నట్లు కనిపిస్తున్నదని వ్యాఖ్యానించింది, ప్రసార మాధ్యమాల ప్రచారాన్ని తప్పుపట్టింది.

ఇన్ని చూసిన సముదాయానికి అనుమానించవద్దని చెప్పడం తేలిక; కానీ అది న్యాయం కాదు. నేను ఆ మాట చెప్పడం లేదు. కానీ ఒక సంగతి గమనించండి. 2020లో మన మీద వచ్చినది కూడా కుట్ర కథే. ‘వారంతా ఒక్కటై, రహస్యంగా, మనల్ని చంపడానికి పూనుకున్నారు’ అన్న కథ. సాక్ష్యం అడగకుండా నమ్మే మనుషులు ఎంత క్రూరంగా మారగలరో ఈ దేశంలో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

ఇప్పుడు పోలియో చుక్కల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే అనుమానానికి న్యాయమైన కారణం ఉన్నప్పుడు కూడా, విచారణ లేకపోతే దాని మూల్యం ఎవరు చెల్లిస్తారో ఆ చరిత్ర చూపుతున్నది.

మన దేశంలో పల్స్ పోలియో కార్యక్రమం 1995లో మొదలైంది. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల ముస్లిం వాడలలో ఒక పుకారు పాకింది: ఈ చుక్కలు పిల్లలకు పెద్దయ్యాక సంతానం కలగకుండా చేస్తాయని. 1976ను చూసిన తాతలూ నాయనమ్మలూ ఆ ఇళ్ళలో ఇంకా ఉన్నారు; పుకారు వేళ్ళూనుకోవడానికి నేల అప్పటికే సిద్ధంగా ఉన్నది. దానికి తోడు వారడిగిన ప్రశ్నలు తెలివితక్కువవి కావు. ‘మా వీధిలో మురుగు కాలువ లేదు. ఆసుపత్రికి పోతే డాక్టరు ఉండడు. జ్వరం మందు అడిగితే లేదంటారు. మరి ఈ ఒక్క మందే ఉచితంగా, గుమ్మం దాకా, ఒకటి కాదు పది సార్లు ఎందుకు తెస్తున్నారు?’ ఈ ప్రశ్నకు ఆనాడు అధికారులు సరైన జవాబు చెప్పలేదు. గోడల మీద నినాదాలు రాశారు, కొన్నిచోట్ల బెదిరించారు.

జవాబు మాత్రం ఉన్నది. పోలియో క్రిమి నోటి ద్వారా లోపలికి వెళ్ళి పేగులలో పెరుగుతుంది, మలం ద్వారా బయటికి వస్తుంది, కలుషితమైన నీటి ద్వారా, చేతుల ద్వారా మరో బిడ్డ నోటికి చేరుతుంది. చుక్కలలో ఉండేది బలహీనపరచిన అదే క్రిమి. అది కూడా పేగులలో పెరిగి అక్కడే రక్షణ కల్పించాలి. జనం కిక్కిరిసి, మురుగు పారుదల లేక, పిల్లలు తరచూ విరేచనాలతో బాధపడే చోట పేగులలో ఇతర క్రిములు నిండి ఉంటాయి. చుక్కల మందు సరిగా పట్టదు. ఇతర చోట్ల మూడు నాలుగు మోతాదులతో వచ్చే రక్షణకు అక్కడ అంతకు ఎన్నో రెట్లు అవసరమయ్యాయి. అంటే ఆ మురుగు కాలువ లేకపోవడమే మళ్ళీ మళ్ళీ చుక్కలు వేయవలసి రావడానికి కారణం. ప్రజల ఫిర్యాదూ, వైద్యుల లెక్కా ఒకే కాలువ దగ్గర కలుస్తున్నాయి. ఎవరైనా కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పి ఉంటే ఆ తల్లి చుక్కలూ వేయించేది, కాలువ కోసం నిలదీసేది కూడా.

2001లో దేశమంతటా 268 పోలియో కేసులు నమోదు కాగా, 2002లో ఆ సంఖ్య 1,600కు చేరింది. వాటిలో 1,242 ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే. కాళ్ళు చచ్చుబడిన పిల్లలలో ముస్లిముల వాటా జనాభాలో వారి వాటాను చాలా మించిపోయింది. సంతానం కలగదన్న పుకారుకు కాలమే జవాబు చెప్పింది. 1995లో చుక్కలు వేసుకున్న పిల్లలు నేడు ముప్ఫై ఏళ్ళవారు. వారి బిడ్డలు ఈ మస్జిదు వరండాలోనే పరుగులు తీస్తున్నారు. కాళ్ళు పోయిన వారికి మాత్రం కాలం ఏమీ తిరిగి ఇవ్వలేదు.

న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. ఈ చుక్కలలోని బలహీన క్రిమి, అనేక లక్షల మోతాదులకు ఒకటి చొప్పున, పక్షవాతం కలిగించగలదు. అది దాచవలసిన రహస్యం కాదు, వైద్య గ్రంథాలలో ఉన్న సంగతే. అందుకే మన దేశంలో 2015 నుండి చుక్కలతో పాటు పోలియో ఇంజెక్షను కూడా ఇస్తున్నారు. తూకంలో రెండు వైపులా ఏమున్నదో చెప్పి ప్రజలను నమ్మడం అధికారుల కర్తవ్యం. దాచినది ఏనాటికైనా బయటపడుతుంది. అప్పుడు దాచినదానికి పదింతలు కల్పన దాని పక్కన చేరుతుంది.

ఇదే కథ నైజీరియాలో మరింత బాధాకరంగా జరిగింది. 1996లో కానో నగరంలో మెదడు పొరల వాపు వ్యాధి ప్రబలినప్పుడు, ఫైజర్ అనే అమెరికా మందుల కంపెనీ 200 మంది పిల్లలను చేర్చుకొని తన కొత్త మందును పరీక్షించింది. వారిలో 11 మంది చనిపోయారు. తమకు విషయం చెప్పి అనుమతి తీసుకోలేదని తల్లిదండ్రులు న్యాయపోరాటం చేశారు. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు గానీ, 2009లో కానో రాష్ట్రంతో ఏడున్నర కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నది. ఈ గాయం పచ్చిగా ఉన్నప్పుడే, 2003లో, పోలియో చుక్కలలో సంతానాన్ని నిరోధించే మందు కలిపారన్న ప్రచారం లేచింది. కానో రాష్ట్రం ఏడాది పాటు చుక్కలు నిలిపివేసింది. అక్కడి క్రిమి సరిహద్దులు దాటింది. 2005లో యెమన్‌లో 400 మందికి పైగా, ఇండోనేషియాలో 300 మందికి పైగా పిల్లలు పోలియో బారిన పడ్డారు. ఆ క్రిమి మూలం నైజీరియా అని జన్యు పరీక్షలు తేల్చాయి. ఒక ముస్లిం నగరంలో పుట్టిన పుకారు వేల మైళ్ళ అవతల మరో ముస్లిం తల్లి బిడ్డ కాళ్ళను తీసుకున్నది. ఆ బిడ్డ ఆ పుకారును ఎన్నడూ విననైనా లేదు.

కానో నిలిపివేత ఎలా ముగిసిందో చూడండి. అక్కడి పెద్దలు విదేశీయుల మాట నమ్మలేమన్నారు. సరే, తాము నమ్మగలిగే వారి చేత పరీక్షింపజేసుకున్నారు. ముస్లిం దేశమైన ఇండోనేషియాలో తయారైన మందు తెప్పించుకొని 2004లో మళ్ళీ చుక్కలు మొదలుపెట్టారు. ఆలస్యంగా జరిగినా అది తబయ్యునే. మొదటి నెలలోనే జరిగి ఉంటే!

సోదరులారా! ఇక్కడ ఒకరు లేచి, ‘కుట్రలు నిజంగా జరగవా?’ అని అడగవచ్చు. జరుగుతాయి. 2011లో పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. ఒక డాక్టరు ద్వారా హెపటైటిస్–బి టీకాల పేరుతో కార్యక్రమం నడిపించింది. ఉసామా బిన్ లాదిన్ దాక్కున్న ఇంట్లోని వారి రక్త నమూనాలు సంపాదించడం దాని ఉద్దేశం. ఇది కల్పన కాదు. అదే సంవత్సరం జులైలో పత్రికలు దీనిని బయటపెట్టాయి. ఇకపై టీకా కార్యక్రమాలను గూఢచర్యానికి వాడుకోబోమని 2014లో అమెరికా ప్రభుత్వం లిఖితపూర్వకంగా హామీ ఇచ్చింది. రోగం నయం చేసే చేతిని గూఢచర్యానికి వాడుకున్న ఆ పాపం చిన్నది కాదు. దాని ఫలితం వజీరిస్తాన్‌లో, పెషావర్‌లో, కరాచీలో కనిపించింది. సాయుధ ముఠాలు పోలియో చుక్కలను నిషేధించాయి. 2012 డిసెంబరులో కొద్ది రోజుల వ్యవధిలోనే చుక్కలు వేసే కార్యకర్తలు పలువురిని కాల్చి చంపారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు, ముస్లిం స్త్రీలు. 2014లో పాకిస్తాన్‌లో 306 మంది పిల్లలకు పోలియో సోకింది.

నిజమైన కుట్రకూ, కుట్ర కథకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. అబోటాబాద్ సంగతి మనకు ఎలా తెలిసింది? విలేఖరులు వెళ్ళారు, మనుషులను కలిశారు, పేర్లు, తేదీలు, స్థలాలు రాశారు. చివరకు చేసినవారే ఒప్పుకోవలసి వచ్చింది. అది విచారణతో తెలిసిన నిజం. ఒక టీకా కార్యక్రమం మోసమని రుజువైంది కాబట్టి ప్రతి టీకా మోసమేనని అనుకోవడం విచారణ కాదు. ఒక దొంగ తెల్ల చొక్కా వేసుకున్నాడని ఊరిలోని తెల్ల చొక్కాలన్నిటినీ దొంగల కింద జమకట్టడం లాంటిదది. ఇదే తర్కంతో మన పిల్లలను పట్టుకెళ్ళినప్పుడు మనమెంత విలపించామో గుర్తుచేసుకోండి.

ఇందులో మరో నష్టమూ ఉన్నది, దానిని మనం అంతగా పట్టించుకోము. అబద్ధపు ఆరోపణ నిజమైన దోషికి రక్షణ కవచమవుతుంది. 2009లో మన ఖమ్మం జిల్లాలో 10 నుండి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకాను ఒక ప్రాజెక్టు కింద ఇచ్చారు. వారిలో గిరిజన బాలికలు, వసతి గృహాలలో చదివేవారు చాలామంది. కొందరు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును నిలిపివేశారు. టీకాయే పిల్లలను చంపిందన్న మాట అంతటా పాకింది. విచారణ సంఘం పరిశీలిస్తే ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు తేలలేదు. కానీ అసలు నేరం మరొకటి బయటపడింది: తల్లిదండ్రుల సంతకాలు ఉండవలసిన పత్రాలపై వసతి గృహాల వార్డెన్లూ, ప్రధానోపాధ్యాయులూ సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా ఖండించింది. పుకారు ఏమి చేసిందో చూడండి. రుజువు కాని ఆరోపణను అందరి నోటా పెట్టింది. రుజువైన నేరాన్ని మరుగున పడేసింది. ఆ తల్లిదండ్రులకు జరిగిన అన్యాయం గురించి నేడు ఎంతమందికి తెలుసు? టీకా చంపిందన్న మాట మాత్రం ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉన్నది.

విచారణ ఎలా చేయాలో హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలోని ఒక రాత్రి మనకు నేర్పుతుంది. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ వృత్తాంతం ఉన్నది. ఆయన మదీనా శివారులో నివసించేవారు. ఒక అన్సారీ పొరుగాయనా, ఆయనా వంతులవారీగా దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వెళ్ళి, ఆ రోజు విశేషాలు ఒకరికొకరు తెలియజేసుకునేవారు. అవి గస్సాన్ పాలకులు మదీనాపై దండెత్తుతారేమోనని భయపడుతున్న రోజులు. ఒక రాత్రి పొరుగాయన వచ్చి తలుపు గట్టిగా బాదారు. గస్సాన్ సైన్యం వచ్చిందా అని ఉమర్ (రజి) అడిగారు. అంతకన్నా పెద్ద సంగతి, దైవప్రవక్త తన సతీమణులకు విడాకులిచ్చారని ఆయన అన్నారు.

చెప్పినది నమ్మకమైన మిత్రుడు. వార్తలో తన సొంత కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి) ఉన్నది. అయినా ఉమర్ (రజి) ఆ మాటను మరొకరికి చేరవేయలేదు. తెల్లవారి మస్జిదుకు వెళ్ళారు. మింబరు చుట్టూ జనం కూర్చొని ఉన్నారు, కొందరు ఏడుస్తున్నారు. మస్జిదు నిండా ఆ వార్తే. కుమార్తె దగ్గరికి వెళ్ళి అడిగారు. ఆమె ఏడుస్తూనే, తనకు తెలియదన్నారు. ఆ జవాబును గమనించండి. అందరికంటే దగ్గరగా ఉన్న వ్యక్తి, ఆ వార్త ఎవరి గురించో ఆ వ్యక్తి, తెలియనిది తెలియదని చెప్పారు. బయట ఉన్నవారంతా మాత్రం తెలిసినట్లే మాట్లాడుతున్నారు! ఉమర్ (రజి) దైవప్రవక్త (సఅసం) ఏకాంతంగా ఉన్న గది దగ్గరికి వెళ్ళి లోనికి రావడానికి అనుమతి అడిగారు. జవాబు రాలేదు. మళ్ళీ అడిగారు. చివరకు అనుమతి లభించింది. నేరుగా ఆ ప్రశ్నే వేశారు. విడాకులివ్వలేదని దైవప్రవక్త (సఅసం) చెప్పారు. అప్పుడు ఉమర్ (రజి) ఆయన అనుమతితో మస్జిదు ద్వారం దగ్గర నిలబడి, ఆ వార్త నిజం కాదని బిగ్గరగా ప్రకటించారు.

అన్ నిసా సూరా 83వ వాక్యం ఈ సందర్భంలో అవతరించిందని ముస్లిం గ్రంథంలో ఉన్నది. శాంతికి సంబంధించినదైనా, భయానికి సంబంధించినదైనా ఒక కబురు రాగానే దానిని చాటింపు వేసేవారిని ఆ వాక్యం మందలిస్తున్నది. దానిని ప్రవక్తకూ, బాధ్యతగల వారికీ నివేదించి ఉంటే అందులోంచి వాస్తవాన్ని వెలికితీయగలవారు దానిని గ్రహించేవారని చెబుతున్నది. ఆ ‘వెలికితీయడాన్ని’ ఖుర్ఆన్ ‘ఇస్తింబాత్’ అన్నది. బావి తవ్వినప్పుడు మొదట ఊరే నీటిని అరబ్బులు ‘నబత్’ అనేవారు. ఆ మూలం నుండే ఈ పదం వచ్చింది. నిజం నేల మీద పారే నీరు కాదు, తవ్వాలి. వైద్యం సంగతి వైద్యం తెలిసినవాడు, చట్టం సంగతి చట్టం తెలిసినవాడు తవ్వాలి. చేతిలో ఫోను ఉన్నంత మాత్రాన గునపం ఉన్నట్లు కాదు.

మనకు అనుకూలమైన అబద్ధాల సంగతి కూడా చెప్పాలి. అవి మరింత ప్రమాదకరం. హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త (సఅసం) కుమారుడు ఇబ్రాహీం పసితనంలోనే మరణించినప్పుడు అదే రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణానికే సూర్యుడు మసకబారాడని జనం అనుకున్నారు. అబద్ధ ప్రవక్త అయితే ఆ మాటను అలాగే సాగనిచ్చేవాడు. కానీ ఆయన, పుత్రశోకంలో ఉన్న ఆ రోజునే, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ ప్రజలకు స్పష్టం చేశారు. ఆ ప్రవక్త అనుచరులమైన మనం చేసినదేమిటి? చంద్రుని మీద నడిచిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడ అజాన్ విని, ఆ తర్వాత ఇస్లాం స్వీకరించాడన్న కథను దశాబ్దాల పాటు మోశాము. ఆయన స్వయంగా అది నిజం కాదన్నాడు. 1983లో అమెరికా విదేశాంగ శాఖ ఆయన తరఫున ముస్లిం దేశాలలోని తన రాయబార కార్యాలయాలకు ఆ సంగతి తెలియజేసింది. దానికి మనలో కొందరిచ్చిన జవాబు: ‘ప్రభుత్వం ఆయన చేత అలా చెప్పించింది’. ఔనంటే సాక్ష్యం, కాదంటే ఇంకా పెద్ద సాక్ష్యం! ఏ జవాబు వచ్చినా తనకే అనుకూలంగా మలచుకునే కథకు విచారణతో పని ఉండదు. కుట్ర కథను గుర్తుపట్టడానికి ఇదొక గుర్తు. అల్లాహ్ ధర్మానికి ఇలాంటి అరువు గొప్పలు అవసరం లేదు.

మన పూర్వ ముహద్దిసుల మార్గం దీనికి పూర్తిగా భిన్నమైనది. ఒక హదీసు వినగానే వారు అడిగే మొదటి ప్రశ్న, ఇది ఎవరి నుండి విన్నావు? అతడు ఎవరి నుండి విన్నాడు? వారిద్దరూ ఒకే కాలంలో జీవించారా, కలుసుకున్నారా? అతని జ్ఞాపకశక్తి ఎలాంటిది, నడవడి ఎలాంటిది? ఉల్లేఖకుల జీవిత చరిత్రల కోసం ఒక శాస్త్రాన్నే నిర్మించారు. ఖుర్ఆన్ పట్ల జనానికి ఆసక్తి పెంచే ఉద్దేశంతో సూరాల ఘనతను గురించి హదీసులు కల్పించిన నూహ్ బిన్ అబీ మర్యమ్ వంటి వారిని కూడా వారు వదలలేదు. ఉద్దేశం మంచిదైనా మాట అబద్ధమైతే దానిని కల్పితాల జాబితాలోనే చేర్చారు. విన్నదంతా చెప్పేయడమే ఒక మనిషి అబద్ధికుడు కావడానికి చాలునన్న భావం గల హదీసును ఇమామ్ ముస్లిం తన గ్రంథ పీఠికలోనే పొందుపరచడంలో ఆంతర్యం ఇదే. ఆ వారసత్వం ఉన్న మనం, ‘అనేకసార్లు ఫార్వర్డ్ చేయబడింది’ అన్న ముద్ర చూసి దానినే ప్రామాణికతగా భావిస్తే అంతకన్నా విచారకరమైనది ఏముంటుంది?

హజ్రత్ ఆయిషా (రజి)పై కపటులు మోపిన అపనింద గురించి మీకు వేరుగా చెప్పనవసరం లేదు. అన్ నూర్ సూరా 15వ వాక్యంలోని ఒక్క సూక్ష్మాన్ని మాత్రం గుర్తుచేస్తాను. జనం ఆ నిందను నాలుకలతో స్వీకరించారని అల్లాహ్ అంటున్నాడు. మాటను స్వీకరించేది చెవి కదా! చెవికీ నాలుకకూ మధ్య హృదయంలో నిలవవలసిన ఆ కాసేపు కూడా నిలవలేదన్నమాట. నేడు ఆ దూరం ఇంకా తగ్గి బొటనవేలి చివరికి వచ్చింది.

కాబట్టి ఈ రాత్రి ఒక వైద్యం గురించో, ఒక దాడి గురించో, ఒక పథకం గురించో కబురు వస్తే, ముందు ఆపండి. కళ్ళారా చూసినవాడు ఎవరో, ఎక్కడ, ఏ రోజున జరిగిందో అడగండి. ఆ రంగం తెలిసిన మనిషి మన ఊరిలో ఉంటాడు. అతని దగ్గరికి వెళ్ళండి. అధికారులు నిజం దాస్తున్నారని అనుమానమైతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి, న్యాయవాదిని కలవండి, కోర్టుకు వెళ్ళండి. 2020లో జమాత్ సభ్యులపై మోపిన నిందను తొలగించినది కోర్టులో నిలబెట్టిన సాక్ష్యమే. మనం ఒకరికొకరం పంపుకున్న కోపపు సందేశాలు కావు. తెలియకపోతే హజ్రత్ హఫ్సా (రజి) వలె తెలియదని చెప్పండి. అందులో అవమానం లేదు.

ఉత్తరప్రదేశ్ చివరకు ఎలా బయటపడిందో చెప్పి ముగిస్తాను. 2003 తర్వాత పద్ధతి మారింది. నినాదాలు రాసే అధికారుల స్థానంలో అదే వీధిలో ఉండే స్త్రీలను కార్యకర్తలుగా నియమించారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిలియా ఇస్లామియా, జామియా హమ్దర్ద్ అధ్యాపకులు ఆ పనిలో భాగస్వాములయ్యారు. ఉలమాలు మందును గురించి విచారించి, తృప్తిచెంది, ప్రకటనలు ఇచ్చారు. మస్జిదు మైకుల నుండి చుక్కల రోజు ప్రకటించారు. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పసిపాపకు సోకినదే మన దేశంలో సహజ పోలియో క్రిమి వల్ల వచ్చిన చివరి కేసు. 2014 మార్చి 27న మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో నుండి విముక్తి పొందినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. సరిహద్దుకు ఆవల, పాకిస్తాన్‌లో, అఫ్ఘానిస్తాన్‌లో ఆ క్రిమి ఇంకా మిగిలే ఉన్నది.

చల్లని పెట్టె భుజాన వేసుకొని, గుమ్మం గుమ్మం తిరుగుతూ, తమవాళ్ళ చేతుల్లోనే ప్రాణాలు కోల్పోయిన ఆ సోదరీమణులను అల్లాహ్ కరుణించుగాక. వారి అనాథ బిడ్డలకు ఆయనే అండగా నిలుచుగాక. ఆమీన్.